కానుకగా వచ్చిన డార్జిలింగ్ టీ



హౌరా స్టేషన్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కే తెలుగువాళ్ల సామాన్లలో రెండు వస్తువులు తరచుగా కనిపిస్తాయి. ఒకటి సందేశ్ డబ్బా, రెండోది డార్జిలింగ్ టీ పొట్లం. సందేశ్ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంటికి చేరిన రోజునే అయిపోతుంది. టీ పొట్లం మాత్రం చేతులు మారుతుంది. ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన రైల్వే కుటుంబం నుంచి శ్రీకాకుళంలోని వియ్యాలవారికి, కోల్‌కతాలో ఉద్యోగం చేసే అబ్బాయి నుంచి హైదరాబాద్‌లోని పై అధికారికి వెళ్తుంది. అక్కడ అలమరలో పై అరకు చేరుతుంది. ఏ పెద్ద చుట్టమో వచ్చినరోజు దాన్ని దించి, అల్లం దంచి వేసి, పాలు పోసి, పంచదార వేసి, మూడు పొంగులు వచ్చేదాకా మరగబెడతారు. తాగి చూసి, "పేరే గాని ఇందులో ఏముంది? మనం రోజూ తాగేదే నయం" అని తేల్చేస్తారు.

ఆ తీర్పు న్యాయమైనది కాదని నా అభిప్రాయం. అలాగని కానుకగా వచ్చిన ప్రతి పొట్లమూ మేలురకమని కూడా చెప్పను. డార్జిలింగ్ పేరు పెట్టుకుని నాసిరకం ఆకు ఎంతో అమ్ముడుపోతోంది. మనం కొనలేదు, అంగడి ఏదో తెలియదు, ధర తెలియదు, ఇచ్చినవారిని అడగడం మర్యాద కాదు. అలాంటి సరుకు మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? ఆ పని చేయడమే వృత్తిగా బతికే మనుషులు కోల్‌కతాలో నూట అరవై ఏళ్లకు పైగా ఉన్నారు. వారి పద్ధతిలో మన వంటింటికి పనికొచ్చేది చాలా ఉంది.

డల్హౌసీ స్క్వేర్‌కు దగ్గరలో, ఆర్.ఎన్. ముఖర్జీ రోడ్డు మీద నీల్‌హాట్ హౌస్ అనే భవనం ఉంది. జె. థామస్ కంపెనీది. ఆ సంస్థ మొదట్లో నీలిమందు వేలం వేసేది, తరువాత తేయాకుకు మళ్లింది. ఈ నగరంలో మొదటి తేయాకు వేలం 1861 డిసెంబరు 27న జరిగింది. అంతకు ముందు, 1839లో, అస్సాం తేయాకు మొదటిసారి అమ్ముడైంది లండన్ వేలంలో. మన ఆకుకు మన గడ్డమీదే ధర కట్టడం మొదలైంది కలకత్తాలోనే. డార్జిలింగ్ టీ వేలం అయితే 2016 దాకా పాత పద్ధతిలోనే, అంటే హాల్లో కొనుగోలుదారులు కూర్చుని నోటితో పాటలు పాడుతుంటే సుత్తి దెబ్బతో ముగిసేలాగే, నడిచింది. ఇప్పుడు అదంతా కంప్యూటర్ తెరమీదికి మారింది. కాని వేలానికి ముందు జరిగే రుచి పరీక్షను ఏ యంత్రమూ ఇంకా తన చేతుల్లోకి తీసుకోలేదు.

ఆ పరీక్ష జరిగే గదిలో పొడవాటి బల్ల ఉంటుంది. ఎండ నేరుగా పడకుండా, వెలుతురు రోజంతా ఒకేలా ఉండేట్టు సాధారణంగా ఉత్తరం వైపు కిటికీల దగ్గర దాన్ని అమరుస్తారు. బల్లమీద వరసగా తెల్లటి పింగాణీ కప్పులు, ఒక్కో కప్పు పక్కన మూత ఉన్న చిన్న పింగాణీ పాత్ర, దాని ముందు పొడి ఆకు ఉన్న చిన్న డబ్బా. ప్రతి పాత్రలోనూ తూకం వేసిన రెండు, రెండున్నర గ్రాముల ఆకు, అప్పుడే మరిగిన నీళ్లు, గడియారం పెట్టి అయిదారు నిమిషాలు. సమయం కాగానే పాత్రను కప్పులోకి ఒంచుతారు. డికాక్షన్ కప్పులోకి దిగుతుంది. ఉడికిన ఆకు పాత్ర మూతమీదికి చేరుతుంది. అప్పుడు టేస్టర్ వచ్చి చెంచాతో డికాక్షన్ తీసుకుని, పెద్ద చప్పుడుతో నోట్లోకి గాలితో కలిపి జుర్రుతాడు. మన ఇళ్లలో పిల్లలు అలా తాగితే పెద్దలు కోప్పడతారు. ఇక్కడ ఆ చప్పుడే పని. గాలితో కలిసి జుర్రినప్పుడు డికాక్షన్ తుంపరలుగా నోరంతా పరుచుకుంటుంది, వాసన గొంతు వెనకనుంచి ముక్కుకు ఎక్కుతుంది. ఒక్క క్షణం నోట్లో ఉంచుకుని ఉమ్మేసి తరువాతి కప్పుకు వెళ్తాడు. సీజన్‌లో ఒక్క పూటలో వందల కప్పులు చూస్తారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. నాలుక మీద వేసుకునే లోపే వాళ్లు సగం తీర్పు చెప్పేస్తారు. ముందు పొడి ఆకును కంటితో చూసి చేత్తో తాకుతారు, తరువాత ఉడికిన ఆకు రంగు, వాసన చూస్తారు, ఆ తరువాతే కప్పు. ఈ మూడింటినీ విడివిడిగా చూడడం తెలిసిన మనిషిని పెట్టెమీద బొమ్మ మోసం చేయలేదు.

పెట్టె సంగతి కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే మన చేతికి మొదట వచ్చేది అదే. వెల్వెట్ సంచీ, చెక్క పెట్టె, హిమాలయాల బొమ్మ, ఇవేవీ ఆకు నాణ్యతకు సాక్ష్యాలు కావు. వాటిని పక్కన పెట్టి నాలుగు సంగతులు వెతకండి. టీ బోర్డు వారి గుండ్రటి ముద్ర ఉందా అన్నది మొదటిది. ఒక స్త్రీ ముఖం పక్కనుంచి కనిపిస్తూ, చేతిలో రెండు ఆకులు ఒక మొగ్గ పట్టుకుని ఉంటుంది. 1980లలో రూపొందించిన ముద్ర అది. భారతదేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొట్టమొదటి సరుకు డార్జిలింగ్ టీ, 2004లో. ఆ గుర్తింపు కింద కొండల్లోని 87 తోటలకే ఆ పేరు వాడుకునే హక్కు. 2011లో ఐరోపా సమాఖ్య కూడా ఆ హక్కును ఒప్పుకుంది. తోట పేరు రెండోది. మకైబారి, కాసిల్‌టన్, మార్గరెట్స్ హోప్, జుంగ్‌పానా, తుక్వార్, ఇలా ఏదో ఒక తోట పేరు ఉంటే, ఎవరో దానికి జవాబుదారీ అన్నమాట. ఉత్తి డార్జిలింగ్ అని ఉంటే అది చాలా తోటల ఆకు కలిపింది కావచ్చు. కలపడం తప్పు కాదు, కలిపే చేయి మంచిదైతే. మూడోది ఏ కోత అన్నది, నాలుగోది ఏ సంవత్సరం అన్నది. ఈ చివరి రెండూ లేని ఖరీదైన పెట్టెను నేను అనుమానంగానే చూస్తాను.

ఇక అక్షరాల వరస. ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ1 అని ఉంటుంది. ఫైనెస్ట్ టిప్పీ గోల్డెన్ ఫ్లవరీ ఆరెంజ్ పెకో అని విప్పుతారు. అది చూసి చాలామంది బత్తాయి వాసన కోసం ముక్కు పెడతారు. అందులో ఏ పండూ లేదు. ఈ అక్షరాలన్నీ ఆకు పరిమాణాన్నీ, మొగ్గలు ఎన్ని ఉన్నాయన్న సంగతినీ చెప్పే గ్రేడులు. జల్లెడ పట్టి వేరుచేసినప్పుడు పెట్టే పేర్లు. ఆకు నిండుగా ఉందని అవి చెప్తాయి, రుచి గురించి హామీ ఇవ్వవు. వర్షాకాలంలో కోసిన నీరసమైన ఆకు కూడా ఆ గ్రేడుతో రావచ్చు.

డార్జిలింగ్ పేరుతో ఎందుకు ఇంత మోసం జరుగుతుందంటే, అసలు సరుకు చాలా తక్కువ కాబట్టి. ఒకప్పుడు ఏడాదికి కోటి కిలోల దాకా పండేది. ఇప్పుడు 70 లక్షల కిలోలకు కూడా చేరడం లేదు. మన దేశం మొత్తం మీద పండే తేయాకు ఏటా దాదాపు 130 కోట్ల కిలోలు. అందులో డార్జిలింగ్ వాటా ఎంతో మీరే లెక్కవేసుకోండి. దానికి తోడు పక్కనే నేపాల్‌లోని ఇలాం జిల్లా. అదే కొండ వరస, అలాంటి మొక్కలే, కోతా తయారీ కూడా అలాంటివే. అక్కడి ఆకు సరిహద్దు దాటి వచ్చి డార్జిలింగ్ పేరుతో అమ్ముడవుతోందని తోటలవాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. ఇలాం టీ చెడ్డది కాదు, కొన్ని చాలా బాగుంటాయి. దాన్ని దాని పేరుతోనే అమ్మాలి, అంతే. అలా అమ్మితే నేపాల్ రైతుకూ పేరు వస్తుంది, డార్జిలింగ్ కూలీ నోటికాడి కూడూ పోదు.

ఇప్పుడు కోతల గురించి కాస్త నిదానంగా చెప్తాను. డార్జిలింగ్ టీని అర్థం చేసుకోవడంలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

విశాఖ నుంచి మా పిన్ని ఒకసారి ఫోన్ చేసి, "ఏరా, ఎవరో పాత సరుకు అంటగట్టినట్టున్నారు. ఎంత వేసినా రంగే దిగడం లేదు. ఆకు కూడా పచ్చపచ్చగా ఉంది, సరిగ్గా ఎండినట్టే లేదు" అంది. పెట్టెమీద ఏముందో చదవమన్నాను. ఫస్ట్ ఫ్లష్ అని ఉంది. "పిన్నీ, అది డార్జిలింగ్ టీల్లోకల్లా ఖరీదైన రకం. రంగు దిగకపోవడమే దాని లక్షణం. పాలు పోయకుండా ఒక్క కప్పు తాగి చూడు" అన్నాను.

చలికాలమంతా నిద్రపోయిన మొక్క ఫిబ్రవరి చివర్లో, మార్చిలో తొలి చిగురు వేస్తుంది. ఏప్రిల్ దాకా కోసే ఆ ఆకు ఫస్ట్ ఫ్లష్. దాన్ని బాగా వాడబెడతారు. తేమ అంత ఎక్కువగా పోయిన ఆకు పూర్తిగా పులియదు. అందుకే పచ్చదనం మిగిలిపోతుంది. డికాక్షన్ లేత బంగారు రంగులో, ఒక్కోసారి నిమ్మపండు తొక్క రంగులో ఉంటుంది. వాసన పూలదీ, పచ్చి ఆకుదీ. కొద్దిగా వగరు. నల్లటి డికాక్షన్‌కు అలవాటుపడిన కన్ను దీన్ని చూసి వట్టినీళ్లు అనుకుంటుంది.

మే, జూన్ నెలల్లో కోసేది సెకండ్ ఫ్లష్. ఆకు ముదురు గోధుమరంగులో ఉండి మధ్యమధ్య బంగారు మొగ్గలు మెరుస్తాయి. డికాక్షన్ రాగి రంగు. దీని రుచిని వ్యాపారులు మస్కటెల్ అంటారు. మస్కట్ జాతి ద్రాక్షపండు వాసన అని. ఆ వాసన ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే మన పత్తి రైతులు ఆశ్చర్యపోతారు. గుంటూరు, వరంగల్ రైతు పచ్చదోమ అని దేన్ని తిట్టుకుంటాడో, ఆ కుటుంబానికే చెందిన దోమ, దానితో పాటు తామర పురుగు, ఈ కాలంలో తేయాకు చిగురుమీద వాలి రసం పీలుస్తాయి. గాయపడ్డ మొక్క తనను తాను కాపాడుకోవడానికి కొన్ని సుగంధ ద్రవ్యాలను తయారుచేసుకుంటుంది. ఆకు వాడి, నలిగి, పులిసి, ఆరేసరికి ఆ ద్రవ్యాలే ద్రాక్ష వాసనగా మిగులుతాయి. మన చేలో పంటను పాడుచేసే పురుగు అక్కడ ధర పెంచుతోంది. ఆ పురుగు ఎక్కువైతే అక్కడా నష్టమే. ఎండ, పొడిగాలి, పురుగు, మూడూ తగు పాళ్లలో కుదిరిన కొద్ది వారాలే అసలైన మస్కటెల్.

జులై నుంచి సెప్టెంబరు దాకా వానకోత. ఆకు విరివిగా వస్తుంది, వాసన పలచబడుతుంది. ఆ సరుకు ఎక్కువగా టీ బ్యాగులకూ, కలపడానికీ పోతుంది. అక్టోబరు, నవంబరు ఆకును ఆటమ్నల్ అంటారు. రాగి రంగు, మెత్తటి రుచి, వగరు తక్కువ. మన అలవాట్లకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఇదేనని నాకు అనిపిస్తుంది. కొత్తవాళ్లకు నేను మొదట దీన్నే చేతికిస్తాను.

కాబట్టి ఫస్ట్ ఫ్లష్ రంగు దిగలేదని తప్పుపట్టడం, సెకండ్ ఫ్లష్‌లో పూల వాసన లేదనడం, రెండూ పొరపాట్లే. ఏ ఆకునైనా అది ఏమి కావాలని తయారైందో దాన్నిబట్టే తూచాలి.

ఇంట్లో పరీక్ష ఎలా చేయాలో చెప్తాను. పెద్ద సరంజామా అక్కర్లేదు. మూత ఉన్న పింగాణీ పాత్ర లేదా గాజు పాత్ర ఒకటి, లోపల తెల్లగా ఉండే కప్పు ఒకటి కావాలి. రంగు తెలియాలంటే తెలుపు తప్పనిసరి, స్టీలు గ్లాసులో రంగు తెలియదు. పొట్లం విప్పి ఒక చెంచాడు ఆకు తెల్ల కాగితం మీద పోయండి. ఆకులు దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నాయా, పుల్లలు, ఈనెలు ఎక్కువున్నాయా, అడుగున దుమ్ము ఎంత రాలింది, చూడండి. రెండు ఆకులు వేళ్లమధ్య నలపండి. బాగా ఆరిన ఆకు పుటుక్కున విరుగుతుంది. మెత్తగా వంగితే చెమ్మ పట్టిందని అర్థం. పిడికిట్లో పట్టుకుని నోటితో వేడిగాలి ఊది వెంటనే వాసన చూడండి. ఆ కొద్ది ఆవిరికే ఆకులోని వాసన లేస్తుంది. టేస్టర్లు చేసే చిన్న పనుల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఇది. ఏమీ వాసన రాకపోతే ఆకు ముసలిదైపోయింది. ఇంగువ వాసనో, అగరొత్తుల వాసనో, నాఫ్తలీన్ గోళీల వాసనో వస్తే తప్పు తోటది కాదు, అలమరది. తేయాకు చుట్టుపక్కల వాసనలన్నీ పీల్చుకుంటుంది. మన వంటిళ్లలో మంచి డార్జిలింగ్ చెడిపోవడానికి మొదటి కారణం మసాలా డబ్బాల పక్కన దాన్ని పెట్టడమే.

తరువాత నీళ్లు. తాజా నీళ్లు, ఒక్కసారే మరిగించినవి. ఇంటి కప్పుకు రెండు, రెండున్నర గ్రాములు, అంటే చదునుగా ఒక చిన్న చెంచాడు ఆకు. ఫస్ట్ ఫ్లష్ అయితే మరిగిన నీళ్లను ఒకటి రెండు నిమిషాలు చల్లారనిచ్చి పోయండి. మిగతా వాటికి వెంటనే పోయవచ్చు. మూత పెట్టండి. పొయ్యి మీద మాత్రం పెట్టకండి. తాగడానికైతే మూడు నిమిషాలు చాలు. పరీక్షకు అయిదు నిమిషాలు ఉంచండి. టేస్టర్లు అంతసేపు ఉంచేది రుచి కోసం కాదు, లోపాలు దాక్కోకుండా బయటికి రావాలని. మంచి ఆకు అయిదు నిమిషాలకు ఘాటెక్కినా శుభ్రంగా ఉంటుంది. చెడ్డ ఆకు చేదై నాలుక మీద పూతలా అంటుకుపోతుంది.

వడగట్టాక ఆకును పారేయకండి. మనం ఎప్పుడూ చూడనిది, టేస్టర్ కప్పుకన్నా ముందు చూసేది అదే. ఒక పళ్లెంలో పరచండి. ఆకులు విచ్చుకుని తమ అసలు రూపం చూపిస్తాయి. రెండు ఆకులు ఒక మొగ్గ చెక్కుచెదరకుండా కనిపిస్తే చేత్తో జాగ్రత్తగా కోసిన చిగురు. రంగు మెరుపుతో ఉండాలి, ఫస్ట్ ఫ్లష్‌లో పచ్చగా, సెకండ్ ఫ్లష్‌లో రాగి నాణెంలా. మసకబారి, నల్లగా, ముద్దగా ఉంటే ఆకు ఎక్కువ పులిసిందో, తయారీలో వేడి మించిందో అనుకోవాలి. ఆ వేడి ఆకు దగ్గర ముక్కు పెట్టి చూడండి. పొగ, మాడు, ముక్క వాసనలు ఇక్కడ దాగవు.

ఇక కప్పు. రంగు ఎంత గాఢంగా ఉందని చూడకండి, ఎంత తేటగా ఉందో చూడండి. కప్పు అంచున వెలుగు తగిలినచోట మెరుపు కనిపించాలి. చెంచాతో తీసుకుని జుర్రండి, ఇంట్లోవాళ్లు నవ్వినా ఫర్వాలేదు. నాలుక పక్కల చిన్న వగరు, దాని వెనక వాసన, మింగిన తరువాత కాసేపు గొంతులో నిలిచే తీపి, ఈ మూడూ ఉంటే అది మంచి టీ. వగరు మాత్రమే ఉండి వెనక ఏమీ లేకపోతే మామూలు టీ. వగరు కూడా లేకుండా చప్పగా ఉంటే పాతది. ఇంకో మాట. సగం కప్పు అలాగే వదిలేసి చల్లారాక తాగండి. వేడి చాలా లోపాలను కప్పిపుచ్చుతుంది. చల్లారాక కూడా కమ్మగా ఉన్న టీని ఏ అనుమానమూ లేకుండా మంచిదనవచ్చు.

రంగు కలిపారేమోనన్న భయం ఉంటే తడిపిన వడపోత కాగితం మీద చిటికెడు పొడి చల్లి, కాసేపాగి కడిగేయండి. మంచి టీ పెద్దగా మరక పెట్టదు. కలిపిన రంగు కాగితం మీద చారలుగా మిగులుతుంది. ఈ బెడద నిండు ఆకులో తక్కువ, విడిగా దొరికే చవక పొడిలో ఎక్కువ.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. పేరూ ధరా తెలిసిన తరువాత నాలుక నిష్పక్షపాతంగా ఉండదు. ఈ సంగతిని లోకానికి గట్టిగా చూపించింది టీ కాదు, ద్రాక్షసారాయి. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వర్తకుడు ఒక పరీక్ష పెట్టాడు. బోర్డో ప్రాంతపు పేరుమోసిన ఎర్ర వైన్లు, కాలిఫోర్నియా కాబర్నే వైన్లు, సీసాల పేర్లు కనబడకుండా గ్లాసుల్లో పోసి ఫ్రెంచి నిపుణుల ముందు పెట్టాడు. అందరూ తమ దేశపు సీసానే పైన నిలుస్తుందనుకున్నారు. పైన నిలిచింది కాలిఫోర్నియాలోని స్టాగ్స్ లీప్ సంస్థ 1973 కాబర్నే సావిన్యోన్. బోర్డో వైన్ మూతో రాత్‌షీల్డ్ 1970 దాని వెనక నిలిచింది. ఆ నిపుణులకు రుచి తెలియక కాదు. పేరు కనబడనప్పుడు వాళ్ల నాలుక నిజం చెప్పింది. ఈమధ్య మన ఊళ్లలోనూ నాసిక్, నంది కొండల కాబర్నే సీసాలు కానుకలుగా చేతులు మారుతున్నాయి. వాటి విషయంలోనూ ఇదే దారి, పేరు కప్పేసి, తెలిసిన దాని పక్కన పెట్టి చూడడం.

టీతో ఆ పని ఇంకా సులువు. మీకు బాగా తెలిసిన ఆకు టీ ఒకటి, కానుకగా వచ్చింది ఒకటి, ఒకే తూకం, అవే నీళ్లు, అదే సమయం. కప్పుల అడుగున కాగితం ముక్కలు అంటించి, వేరొకరి చేత కప్పులు అటూ ఇటూ మార్పించండి. ఒక్క కప్పును ఒంటరిగా తాగినప్పుడు తేల్చలేనిది, రెండు పక్కపక్కన ఉంటే చిన్నపిల్లలు కూడా తేలుస్తారు. పక్కన పెట్టడానికి ఆకు టీనే వాడండి. రోజూ తాగే సీటీసీ గుళికలతో పోల్చకండి.

సీటీసీని నేను తక్కువ చేయడం లేదు. 1930లలో అస్సాంలో మెకర్చర్ అనే తోట అధికారి కనిపెట్టిన యంత్రం ఆకును నలిపి, చింపి, గుళికలుగా చుట్టడం మొదలుపెట్టింది. పాలతో మరగడానికి తగ్గ టీ దాంతోనే వచ్చింది. చార్మినార్ దగ్గర ఇరానీ హోటల్లో గంటల తరబడి సన్నమంట మీద మగ్గే డికాక్షన్ డార్జిలింగ్ ఆకుతో కుదిరేది కాదు. కోల్‌కతా వీధుల్లో మట్టి భాండ్‌లో పోసిచ్చే పాల చా కూడా అంతే. ఈ నగరంలోని మనిషి రోజుకు నాలుగుసార్లు తాగేది అదే, డార్జిలింగ్ ఆకును ఇంట్లో చుట్టాల కోసం దించుతాడు. సీటీసీని పాలు పోసి రుచి చూస్తారు, డార్జిలింగ్‌ను పాలు లేకుండా చూస్తారు. టేస్టర్ గదిలో కూడా ఇదే నియమం.

కొనడానికి వచ్చేవాళ్లు లాల్‌బజార్ వైపు, కాలేజ్ స్ట్రీట్‌లో, గరియాహాట్ చుట్టుపక్కల విడి టీ అమ్మే పాత అంగళ్లకు వెళ్లండి. పెద్ద పెద్ద డబ్బాల్లో ఆకు ఉంటుంది. అడిగితే చేతిలో పోసి చూపిస్తారు, వాసన చూడనిస్తారు. కొన్నిచోట్ల కప్పు కలిపి ఇస్తారు. ఢాకురియా దక్షిణాపణ్ ప్రాంగణంలో డాలీ రాయ్ పెట్టిన టీ దుకాణం ఉంది. టేస్టర్ల గదుల్లో మగవాళ్లే ఉండిన కాలంలో ఆ వృత్తిలోకి వచ్చిన మహిళ ఆమె. ఆ చిన్న దుకాణంలో కూర్చుని తోటల తేడా తెలుసుకున్నవాళ్లు ఈ నగరంలో చాలామంది. బహుమతి పెట్టెల మీద పెట్టే డబ్బులో సగం ఇలాంటిచోట విడి ఆకుమీద పెడితే రెట్టింపు మేలైన సరుకు ఇంటికి వస్తుంది.

పరీక్ష అంతా అయ్యాక, "మంచి టీయే, కాని నాకు నచ్చలేదు" అనవచ్చు. అది న్యాయమైన మాట. మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న, నాకు నచ్చిందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. మన ఇళ్లలో ఈ రెండింటినీ కలిపేసి, నచ్చనిదాన్ని చెడ్డదంటాం. అల్లం టీ ఇష్టపడేవాళ్లు అల్లం టీయే తాగాలి. కాని ఎదుటివాడి కానుకను నాసిరకం అనే ముందు దాన్ని దాని పద్ధతిలో ఒక్కసారి కలిపి చూడడం మన బాధ్యత.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, ఆ పొట్లం వెనక మనుషుల శ్రమ చాలా ఉంది. కిలో టీ కావాలంటే నాలుగు కిలోలకు పైగా పచ్చి చిగురు కావాలి. నిట్టనిలువు కొండవాలులో, వీపున బుట్ట కట్టుకుని ఆడవాళ్లు దాన్ని ఒక్కొక్క చిగురుగా కోస్తారు. పశ్చిమ బెంగాల్ తోటల్లో వాళ్ల రోజుకూలి 2023లో 250 రూపాయలైంది. 2017లో ప్రత్యేక గూర్ఖాలాండ్ రాష్ట్రం కోసం జరిగిన ఆందోళనలో కొండలు 104 రోజులు మూతపడ్డాయి. ఆ ఏడు సెకండ్ ఫ్లష్ కోత చాలావరకు పోయింది, తోటల్లో కలుపు ఎదిగిపోయింది. అప్పుడు వేరే దారి చూసుకున్న విదేశీ కొనుగోలుదారులు కొందరు మళ్లీ రాలేదు. మొక్కలు ముసలివైపోయాయి. కొన్ని నూరేళ్లు దాటినవి. వానలు వేళకు రావడం లేదు. కొన్ని తోటలు మూతపడ్డాయి. ఈ పరిస్థితిలో మంచి ఆకుకూ చెడ్డ ఆకుకూ తేడా తెలిసిన కొనుగోలుదారులే ఆ కొండలకు మిగిలిన ఆసరా. పెట్టె చూసి కొనేవాడి డబ్బు పెట్టె చేసేవాడికి పోతుంది. ఆకు చూసి కొనేవాడి డబ్బులో కొంతైనా తోటకు చేరుతుంది.

మీ ఇంట్లో అలమర పై అరలో డార్జిలింగ్ పొట్లం ఉంటే, దయచేసి ఈ ఆదివారం దించండి. సంవత్సరం చూడండి. ఫస్ట్ ఫ్లష్ ఏడాది దాటితే పరిమళం పోతుంది, పెద్ద చుట్టం కోసం దాచకండి. పాలు లేని కప్పుగా మీరే తాగండి, విప్పిన పొట్లాన్ని గాలి చొరని డబ్బాలో, మసాలాలకు దూరంగా పెట్టండి. బాగుంటే, ఇచ్చినవారికి ఫోన్ చేసి తోట పేరు చెప్పి మరీ బాగుందనండి. ఈసారి వాళ్లు మళ్లీ అదే తోట ఆకు తెస్తారు.